పెదవులు వణుకుతుంటే స్తుతిపాట ఎలా?

చెన్నై పెరంబూరు నుంచి ఒక సోదరి మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, సంఘం పేరు వేయొద్దని కోరారు. వయసు 39. సొంతూరు ఒంగోలు దగ్గర పల్లె. పెళ్లయి చెన్నై వచ్చి 19 ఏళ్లు. భర్త అంబత్తూరు ఎస్టేట్‌లో లేత్ మీద పనిచేసేవారు. ఏడాదిన్నర కిందట ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసింది. అప్పట్నుంచి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. ఉద్యోగం పోయింది. ఈమె పొద్దున రెండిళ్లలో వంట చేసి, మిగతా టైములో బ్లౌజులు కుట్టి ఇల్లు నెట్టుకొస్తున్నారు. అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. అత్తగారు వీళ్లతోనే ఉంటారు.

ఈమెది మంచి గొంతు. పదకొండేళ్లుగా తమ తెలుగు సంఘంలో పాటలు నడిపిస్తున్నది ఈమే. ఇప్పుడు ఆ పాటే బరువైపోయింది. "ఆదివారం మైకు పట్టుకోగానే గొంతు పూడుకుపోతోందండీ. పోయిన నెల ఒక స్తుతిపాట రెండో చరణంలో ఆగిపోయాను. కీబోర్డు అబ్బాయి వాయిస్తూనే ఉన్నాడు, నేను అలా నిలబడిపోయాను" అని రాశారు. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు పక్కకు పిలిచి, "నువ్వే ఇలా ఏడుపు ముఖంతో నిలబడితే కొత్తగా వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? విశ్వాసం ముఖంలో కనపడాలి" అన్నారట. క్వయర్‌లో ఒకావిడ, "మనస్ఫూర్తిగా స్తుతిస్తే స్వస్థత వస్తుందక్కా, నువ్వు స్తుతించట్లేదు" అన్నదట.

ఇంట్లో ఇందుకు పూర్తిగా తలకిందులు. ఒక సాయంత్రం మిషన్ కుడుతూ తనకు తెలియకుండానే పాడుకుంటుంటే, మంచం మీదున్న భర్త విని నవ్వారట. వంటింట్లోంచి అత్తగారు, "మొగుడు మంచాన పడితే నీకు పాటలెట్టా వస్తన్నాయే?" అన్నారు. పాట అక్కడే ఆగిపోయింది.

"గుడిలో సంతోషం రావట్లేదని తప్పు, ఇంట్లో వచ్చిందని తప్పు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం పాడుతుంటే నాకు హాయిగానే ఉంది. అదింకా భయం వేసింది. డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో పాటలు నడిపించి, సాక్ష్యం కూడా చెప్పమంటున్నారు. ఎల్లప్పుడూ ఆనందించండి అన్న వాక్యం కనపడితే చాలు, నాకు టెన్షన్ పట్టుకుంటోంది. పాటలు మానేయనా? లేకపోతే నటించనా?" అని అడిగారు. రాత్రిళ్లు మూడింటికే మెలకువ వస్తోందని, అన్నం సయించట్లేదని ఆఖర్లో ఒక్క లైను.

చెల్లెమ్మా, నాకు అరవై దాటాయి కాబట్టి అలా పిలుస్తున్నాను. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచింది పాస్టరమ్మగారి మాట కాదు, అత్తగారి మాటా కాదు. క్వయర్‌లో ఆవిడ అన్న మాట. దాన్ని మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. కానీ ఉత్తరమంతా దాని నీడే ఉంది. నేను సరిగ్గా స్తుతించనందుకే మా ఆయనకు నయం కావట్లేదేమో అన్న అనుమానం మీ లోపల ఎక్కడో కూర్చుంది. ముందు దాన్ని బయటికి లాగుదాం. అది లోపలున్నంతకాలం మీరు పాడినా నలుగుతారు, మానినా నలుగుతారు.

స్తుతి అనేది ఫీజు కాదు. ఇంత కడితే ఇంత నయమవుతుందన్న లెక్క నాకు బైబిల్లో ఎక్కడా కనపడలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, నా కృప నీకు చాలు అన్న జవాబు వచ్చింది. ఆయనకు స్తుతించడం రాకనా? తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో ఇంకో చిన్న మాట ఉంది, దాని మీద ప్రసంగం నేనింతవరకూ వినలేదు. త్రోఫిముకు జబ్బుగా ఉంటే అతన్ని మిలేతులో వదిలి వచ్చానంటాడు పౌలు. అంతే. ఎవరి విశ్వాసం తక్కువైంది, ఎవరు సరిగ్గా పాడలేదు అని ఆరా తీయలేదు. మీ ఆయన కిడ్నీలకూ, మీరు ఆగిపోయిన రెండో చరణానికీ ఏ సంబంధమూ లేదు. రేపు ఎవరైనా ఇంకాస్త ముందుకెళ్లి "విశ్వాసం ఉన్నవాళ్లకు డయాలసిస్ ఎందుకు" అనొచ్చు. అలాంటివాళ్లూ మన మధ్య ఉన్నారు. ఆ మాటను గుమ్మం లోపలికి రానివ్వకండి. ఒక్క వారం మానినా ప్రాణం మీదికొస్తుంది.

ఇక మీకు టెన్షన్ పెడుతున్న ఆ వాక్యం సంగతి. క్యాలెండర్ల మీదా, గోడల మీదా దాన్నొక్కదాన్నే వేలాడదీసి మనం దానికి అన్యాయం చేశాం. అది ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయంలోది. పత్రిక మొత్తం ఒక్కసారి కూర్చుని చదవండి, నాలుగే అధ్యాయాలు, అరగంట కూడా పట్టదు. రాసిన పౌలు అప్పుడు సంకెళ్లలో ఉన్నాడు. రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే తోటివాడు చావుదాకా వెళ్లి బతికిన సంగతి చెబుతూ, నాకు దుఃఖం మీద దుఃఖం రాకుండా దేవుడు కనికరించాడంటాడు. అంటే ఒక దుఃఖం అప్పటికే ఉంది. దాని మీద ఇంకోటి వచ్చి పడుతుందేమోనని ఆయనా భయపడ్డాడన్నమాట. మూడో అధ్యాయంలో అయితే, ఏడుస్తూ చెబుతున్నాను అనే రాశాడు. ఇవన్నీ దాటుకుంటూ వచ్చాకే ఆనందించండి అన్న మాట వస్తుంది. ఏడుస్తున్నవాళ్లను గద్దించడానికి రాసిన మాట కాదది.

పౌలు, సీల దెబ్బలు తిని, కాళ్లు బొండలో బిగించి ఉండగా అర్ధరాత్రి పాడింది కూడా ఆ ఫిలిప్పీ ఊరి చెరసాలలోనే. ఈ కథ చెప్పేటప్పుడు మనం పాట పాడారు, భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి అని గబగబా ముగించేస్తాం. పాట ఎత్తుకున్నప్పుడు భూకంపం వస్తుందని వాళ్లకు తెలియదు. వాళ్లు పాడుతుంటే మిగతా ఖైదీలు విన్నారని లూకా రాశాడు గానీ, వాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో రాయలేదు. అర్ధరాత్రి లోపలి చెరసాల. ఆ చీకట్లో ముఖాలు ఎవరికి కనపడతాయి!

మీరు పాటలు నడిపించే మనిషి కాబట్టి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మీ బైబిల్లో కీర్తనల పైన ఉండే చిన్న శీర్షికలు చూడండి. యాభైకి పైగా కీర్తనల మీద 'ప్రధానగాయకునికి' అని ఉంటుంది. మీలాంటివాళ్ల చేతికి అప్పజెప్పిన పాటలన్నమాట. వాటిలో పదమూడోది, ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు దేవా అని మొదలై ఆరు వచనాల్లో తిరిగి పాటలోకి వస్తుంది. సరే, దాని ముగింపు బాగుంది. మరి ఎనభై ఎనిమిదోది? అది చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. చివర్లో ఓదార్పుగా ఒక్క మాట లేదు. దాని మీదా 'ప్రధానగాయకునికి' అనే ఉంది. అంటే దాన్నీ నలుగురిలో పాడటానికే రాశారు. మొత్తం 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలేనని చదువుకున్నవాళ్లు లెక్కగడతారు. మన ఆదివారం పాటల లిస్టులో మూడో వంతు మొరలుండటం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

ఇంకొకటి. అంజూరపు చెట్లు పూయకపోయినా, దొడ్లో గొర్రెలు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అన్న హబక్కూకు మాటలు మీకు నోటికొచ్చే ఉంటాయి. సంవత్సరాంతంలో మన సంఘాల్లో చాలా ఇష్టంగా చదువుతారు. మూడో అధ్యాయం, పదిహేడు, పద్దెనిమిది వచనాలు. వాటికి ముందున్న పదహారో వచనం ఎవరికైనా నోటికి వచ్చా? అందులో ఆ ప్రవక్త నా పెదవులు వణుకుతున్నాయి, కాళ్లు వణుకుతున్నాయి, ఎముకలు కుళ్లిపోతున్నాయి అంటాడు. పదహారులో వణికిన పెదవులే పద్దెనిమిదిలో ఆనందిస్తానన్నాయి. మధ్యలో వణుకు తగ్గినట్టు రాయలేదు. ఆ అధ్యాయం ఆఖరి లైను ఏమిటో చూడండి: ప్రధానగాయకునికి, తంతివాద్యాలతో పాడవలసినది అని. మళ్లీ మీ దగ్గరికే వచ్చింది.

తెలుగు చెవికి ఇదేం వింత కాదులెండి. గోల్కొండ చెరలో ఉన్న కంచర్ల గోపన్న తన రాముణ్ణి ఎంత నిలదీశాడో, దెబ్బలకు తాళలేక తిట్టానయ్యా అని మళ్లీ ఆయన్నే ఎలా బతిమాలుకున్నాడో చిన్నప్పట్నుంచీ వింటున్నాం. వాళ్ల భక్తి వేరు, మన విశ్వాసం వేరు. కానీ దేవుడితో గొడవపడిన మనిషి దేవుణ్ణి వదిలేసినట్టు కాదని ఆ పాటలు విన్నవాళ్లందరికీ తెలుసు.

కాబట్టి నటించనా అంటే, వద్దు. కానీ ఇక్కడ ఒక చిన్న తేడా ఉంది, మీరు రెండిటినీ కలిపేశారు. మనసు రాకపోయినా పాడటం వేరు, మనసు పొంగిపోతున్నట్టు ముఖం పెట్టడం వేరు. మొదటిది నటన కాదు. ఆకలి లేకపోయినా వేళకు రెండు ముద్దలు తింటాం చూడండి, అలాంటిది. నలభై రెండో కీర్తన రాసినాయన నా ప్రాణమా, ఎందుకు కుంగిపోతున్నావు అని తనకు తనే పాడుకున్నాడు. కుంగిపోలేదని మాత్రం చెప్పలేదు. రెండోది మాత్రం మనిషిని తినేస్తుంది. మీ గొంతు పూడుకుపోతున్నది పాడలేక కాదు, ఆ ముఖం పెట్టలేక అని నా అనుమానం. మిషన్ దగ్గర గొంతు బాగానే పలికింది కదా!

ఆ సాయంత్రం హాయిగా అనిపించినందుకు భయపడ్డానన్నారు. భర్త బాధలో ఉంటే భార్యకు ఒక్క క్షణం తేలికైతే అది ద్రోహమా? ప్రభువు శిష్యులతో ఆఖరి భోజనం చేసిన రాత్రి, వాళ్లంతా కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి రాశాడు. ఆ తర్వాత కాసేపటికే గెత్సేమనేలో ప్రాణం పోయేంత దుఃఖంలో ఉన్నానన్నాడాయన. పాట, దుఃఖం, రెండూ ఒకే రాత్రి. ఒకటి అబద్ధం, ఒకటి నిజం అని విడదీయడానికి లేదు. మీకు వచ్చిన ఆ పావుగంట సంతోషాన్ని తప్పుగా పట్టుకోకండి. అది ఎవరో మిమ్మల్ని నడిపిస్తే వచ్చింది కాదు, మైకు ముందు వచ్చింది కాదు. నాకైతే మీ ఉత్తరంలో ఆరాధన అంటే అదే అనిపించింది.

మనుషుల సంగతికి వస్తాను. పాస్టరమ్మగారి మీద మీకు కోపం ఉంది, రాయలేదు గానీ తెలుస్తూనే ఉంది. హన్నా షిలోహులో పెదవులు మాత్రం కదుపుతూ ఏడ్చి ప్రార్థిస్తుంటే, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ముఖం చూసి లోపల ఏముందో చెప్పడంలో అంత పెద్దాయనే పొరపడ్డాడు. కానీ హన్నా నోరు తెరిచి చెప్పాక సమాధానంగా వెళ్లమని దీవించాడు. ఆమె చెప్పబట్టే ఆయనకు తెలిసింది. మీరు చెప్పారా? మీ రాత్రిళ్లు ఎలా గడుస్తున్నాయో ఆవిడకు తెలుసా? అదీగాక, పాస్టర్ల ఇళ్లలో ఆడవాళ్లకు ఎన్ని కష్టాలున్నా నవ్వుతూ కనపడటం అలవాటైపోతుంది. ఆవిడ మీకు చెప్పింది తను ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే అయ్యుండొచ్చు.

అత్తగారి మాట గుచ్చుకుంటుంది, నిజమే. కానీ మంచాన పడింది ఆవిడ కొడుకు. ఆ వయసులో కొడుకు చేతికి సూదులు గుచ్చడం చూస్తున్న తల్లి అన్న మాట అది. ఆ ఇంట్లో ఆవిడ ఏడవడానికి చోటెక్కడ? ఆవిడ కోపం మీ పాట మీద కాకపోవచ్చు. మీకొక దారి దొరికింది, తనకు దొరకలేదు అన్న బాధ కావచ్చు. ఊళ్లో ఉన్నప్పుడు కుటుంబ ప్రార్థనలో ఆవిడ ఏ పాట ఎత్తుకునేవారో అడిగి చూడండి. పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోదే ఏదో అయ్యుంటుంది. దాన్ని ఆవిడనే మొదలుపెట్టమనండి. పాడతారని నేను హామీ ఇవ్వలేను. నాకిప్పుడు పాటలేంటి అని కసురుకోవచ్చు కూడా. అయినా అడిగారన్న సంగతి ఆవిడకు గుర్తుంటుంది.

ఇక పాటలు మానేయాలా అన్న ప్రశ్న. మానేయొచ్చు. మూడు నెలలో నాలుగు నెలలో సెలవు అడిగి తీసుకోవచ్చు, అది పాపం కాదు. పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దింపినప్పుడు ప్రభువు 'వాళ్ల' విశ్వాసం చూశాడని మార్కు రాశాడు. కొన్నాళ్లు మిమ్మల్ని మిగతావాళ్ల పాట మోస్తుంది, మీరు వెనక బెంచీలో కూర్చుని ఊరికే వినొచ్చు, ఏడుపొస్తే ఏడవొచ్చు. కానీ రెండు విషయాలు ముందే ఆలోచించుకోండి. వారమంతా మీరు వంటమనిషి, కుట్టుమనిషి, నర్సు. ఆ ఒక్క గంటే మీరు గాయని. అది కూడా పోతే ఖాళీ ఇంకా పెద్దదవుతుందేమో మీకే తెలియాలి. రెండోది, మన సంఘాల సంగతి మనకు తెలియంది కాదు. వదిలిన మైకు తిరిగి అడిగితే అంత తేలిగ్గా రాదు. అందుకే మానేస్తున్నాను అనకుండా, ఈస్టర్ దాకా సెలవు కావాలి అని తేదీతో సహా పాస్టర్‌గారికి చెప్పడం మంచిది.

కొనసాగాలనుకుంటే పద్ధతి మార్చండి. చెరసాలలో కూడా పౌలు ఒక్కడే పాడలేదు, పక్కన సీల ఉన్నాడు. మీ పక్కన ఇంకొక గొంతును పెట్టుకోండి, మీరు ఆగితే వాళ్లు అందుకుంటారని ముందే అనుకోండి. గొంతు ఆగిపోతుందేమో అన్న భయం సగం అక్కడే తగ్గుతుంది. లిస్టులో వరసగా ఐదు హుషారు పాటలు కాకుండా, ముందు పదమూడో కీర్తన చదివి, నెమ్మది పాట ఒకటి పాడి, ఆ తర్వాత స్తుతికి రండి. కొందరికి ఇది నచ్చదు, ఆరాధన డల్‌గా ఉందంటారు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, ఇది అనుభవం మీద చెబుతున్నాను. మా నాన్న పోయిన నెలలో నేనొకసారి అలా పాడితే, అయిపోయాక ముగ్గురు నలుగురు వచ్చి నన్ను పట్టుకుని వాళ్ల కష్టాలు చెప్పుకుని ఏడ్చారు. వాళ్లకు తేలికైంది, నేను మాత్రం ఇంటికొచ్చి జ్వరం వచ్చినట్టు పడుకున్నాను. మీకు ఇప్పుడు ఆ ఓపిక ఉందో లేదో చూసుకోండి.

సాక్ష్యం మాత్రం నేనైతే ఒప్పుకోవడానికి తొందరపడను. మన దగ్గర సాక్ష్యమంటే ముగింపు ఉన్న కథ. కష్టం వచ్చింది, ప్రార్థించాం, పోయింది, చప్పట్లు. మీ కథ ఇంకా మధ్యలో ఉంది. మధ్యలో ఉన్నదాన్ని ఉన్నట్టే చెప్పగలిగితే చెప్పండి, ఈ ఏడాదిన్నరలో అన్నం దొరికింది, రాత్రిళ్లు భయం వేసింది, ఇంకా అడుగుతూనే ఉన్నాను అని రెండు నిమిషాల్లో. చెప్పలేకపోతే ఈసారి వద్దండి అనేయండి. ఏదైనా సరే, మీ ఆయన్ను అడగకుండా మాత్రం చెప్పకండి. జబ్బు ఆయనది. మర్నాటికి అది ఎవరెవరి నోట్లో ఎలా నలుగుతుందో భరించాల్సిందీ ఆయనే.

మూడింటికి మెలకువ, అన్నం సయించకపోవడం అన్నారు. దీన్ని ప్రార్థన లోపం అనుకోకండి. రెండు మూడు వారాలకు మించి ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించాల్సిన సంగతి ఇది. మీ ఆయన్ను తీసుకెళ్లే ఆసుపత్రిలోనే ఒకరోజు మీకూ ఓపీ చీటీ రాయించుకోండి. మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ల ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. అలాగే తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకంలో డయాలసిస్ కూడా ఉంది. మీకు అర్హత ఉండి కార్డు ఇంకా తీసుకోకపోతే కలెక్టర్ ఆఫీసులో వెంటనే కనుక్కోండి. ఆరాధన గురించి అడిగితే బీమా గురించి చెబుతున్నానేమిటి అనుకోకండి. అప్పులవాళ్లు తలుపు కొడుతుంటే ఎవరికైనా పాట ఎక్కణ్నుంచి వస్తుంది?

చివరిగా ఒకటి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు పేజీల్లో పాస్టరమ్మగారి మాట ఉంది, క్వయర్ ఆవిడ మాట ఉంది, అత్తగారి మాట ఉంది. మీ ఆయన మాట ఒక్కటి కూడా లేదు, ఆ సాయంత్రం నవ్వు తప్ప. నాలుగేసి గంటలు ఆ కుర్చీలో కదలకుండా కూర్చునే మనిషి, నీళ్లు కూడా కొలిచి తాగే మనిషి, మీ పాట విని నవ్వారు. మీరు పాడాలో మానాలో, ఆ రాత్రి గుడికి తనూ వస్తారో, లేక మీరు ఇంట్లోనే ఉండి తన పక్కన పాడితే బాగుండుననుకుంటున్నారో ఆయన్ను అడగండి. డయాలసిస్ అయి వచ్చిన రోజు కాకుండా మర్నాడు అడగండి. ఆ రోజైతే అలసటలో "నీ ఇష్టం" అని అటు తిరిగి పడుకుంటారు.